‘ఉద్యోగం’ ఎవరి ప్రయత్నం, ఎవరి కొలువు? ఎన్నికల వాగ్దాన భాషపై కొల్లేటి ప్రాంతం నుంచి ఒక విమర్శ

వ్యాససంగ్రహం

ఆంధ్రప్రదేశ్‌లో 2014, 2019, 2024 సాధారణ ఎన్నికలకు ముందు ఆర్థికస్థితి, ఉపాధి గురించి ప్రధాన రాజకీయ పక్షాల మధ్య తీవ్రమైన వాదోపవాదాలు సాగాయి. సంఖ్యల విషయంలో భేదించిన ఈ పక్షాలు ‘ఉద్యోగం’ అనే పదానికి ఇచ్చిన అర్థంలో మాత్రం ఏకీభవించాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘ప్రయత్నం’, ‘సన్నాహం’ అనే ప్రాచీనార్థం నాయకులకు దక్కింది. ‘ఇవ్వబడే కొలువు’ అనే ఆధునికార్థం యువతకు మిగిలింది. ఈ విభజనను నినాదాలు, పథకాల పేర్లు, వాక్యనిర్మాణం ఆధారంగా పరిశీలించి, ముదినేపల్లి పరిసర కొల్లేటి ప్రాంతపు పని పలుకుబడితోనూ తెలుగు సాహిత్య సాక్ష్యంతోనూ పోల్చడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: ఉద్యోగం, ఉపాధి, పని, ఎన్నికల వాగ్దానం, అర్థపరిణామం, కొల్లేరు, ముదినేపల్లి.

1. ఉపోద్ఘాతం

ఎన్నికల ప్రణాళికను సాహిత్య విమర్శకులు సాధారణంగా పరిశీలనకు స్వీకరించరు. అది తాత్కాలికమైన రచన అనీ, రాజనీతి శాస్త్రానికి చెందిన విషయమనీ భావించడం ఇందుకు కారణం. అయితే ఒక నినాదం కోట్లమంది నోట నానుతుంది. ఒక పథకం పేరు ఐదేళ్లపాటు దరఖాస్తుల్లో, గోడల మీద, ఇంటి సంభాషణల్లో నిలుస్తుంది. సమకాలీన తెలుగులో ఇంత విస్తృతంగా చదవబడే పాఠ్యాలు తక్కువ. ప్రాస, ద్విరుక్తి, శ్లేష, పురాణోపమానం వంటి కావ్యసామగ్రిని ఈ పాఠ్యాలు యథేచ్ఛగా వాడుకుంటాయి. కాబట్టి వాటిని భాషాపరంగా పరిశీలించే బాధ్యత తెలుగు విమర్శకు ఉంది.

పరిశీలనకు ముదినేపల్లి ప్రాంతాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. గుడివాడ-కైకలూరు మార్గంలో ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. ఒకప్పుడు ప్రత్యేక శాసనసభా నియోజకవర్గంగా ఉన్న ముదినేపల్లి, పునర్విభజన తరువాత 2009 నుంచి కైకలూరు నియోజకవర్గంలో భాగమైంది. ఈ నియోజకవర్గంలో 2014లో భారతీయ జనతా పార్టీ, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్, 2024లో మళ్లీ భారతీయ జనతా పార్టీ గెలుపొందాయి. వరి, చేపల చెరువులు, రొయ్యల చెరువులు, కొల్లేటి అభయారణ్యం పక్కపక్కనే ఉన్న చోటు ఇది. ఇక్కడ పని ఉంది. కానీ ఆ పనికి ‘ఉద్యోగం’ అన్న పేరు లేదు. ఈ వ్యత్యాసమే ప్రస్తుత చర్చకు ఆధారం.

2. పర్వం నుంచి పోస్టు దాకా

సంస్కృతంలో ‘ఉద్యోగ’ శబ్దానికి ప్రయత్నం, పూనిక, సన్నాహం అని అర్థం. మహాభారతంలోని ఉద్యోగపర్వం ఈ అర్థానికి ప్రసిద్ధ ఉదాహరణ. విరాటపర్వం మొదలు స్వర్గారోహణ పర్వం వరకు తెనిగించిన తిక్కన చేతిలో ఈ పర్వం రాయబారాల పర్వంగా, వాదప్రతివాదాల పర్వంగా తెలుగువారికి పరిచయమైంది. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయములు’ నాటకాల ద్వారా ఆ పదం కృష్ణా, గోదావరి మండలాల ఊరి రంగస్థలాల మీదికి చేరింది. ఈ ప్రాంతపు ప్రేక్షకుడికి ‘ఉద్యోగం’ అంటే నెలజీతమనే అర్థం ఎంత పరిచితమో, కృష్ణుడు రాయబారానికి బయలుదేరిన సన్నివేశమూ అంతే పరిచితం.

ఆధునిక పాలనావ్యవస్థ విస్తరించిన కొద్దీ ఈ పదానికి ‘పదవి, కొలువు’ అనే అర్థం ప్రధానమైంది. ఈ మార్పు వాక్యనిర్మాణంలోనూ కనిపిస్తుంది. ‘వాడు పని చేశాడు’, ‘ఆమె పనికి వెళ్లింది’ అన్న వాక్యాల్లో మనిషి కర్త. ‘నాకు ఉద్యోగం వచ్చింది’ అన్నప్పుడు మనిషి చతుర్థీ విభక్తిలోకి జరుగుతాడు. రావడమనే క్రియకు కర్త ఉద్యోగమే. వానలాగా, జ్వరంలాగా, జాబులాగా అది ‘వస్తుంది’. పూర్వం పూనికను సూచించిన పదం ఇప్పుడు నిరీక్షణను సూచిస్తున్నది.

దీనికి తోడుగా వచ్చిన పదాలు కూడా గమనించదగినవి. ‘ఖాళీ’, ‘భర్తీ’ అన్న జంటలో ప్రభుత్వం ఒక పాత్ర, అభ్యర్థి దాన్ని నింపే పదార్థం. ‘భృతి’ సంస్కృతంలో చేసిన పనికి ఇచ్చే కూలి. భృత్యుడు అన్న మాట అదే మూలం నుంచి వచ్చింది. ‘నిరుద్యోగ భృతి’ అన్న సమాసంలో పని లేకపోవడానికి కూలి ఇవ్వడం జరుగుతున్నది. ‘ఉపాధి’ వేదాంతులకు ఆత్మను పరిమితం చేసే ఆవరణ. ప్రభుత్వ పరిభాషలో అదే జీవనాధారం. 2006లో ప్రారంభమైన ఉపాధి హామీ పథకాన్ని పల్లెల్లో ‘వంద రోజుల పని’ అనీ, ‘కరువు పని’ అనీ పిలవడంలో, జనం ప్రభుత్వ పదాన్ని తమ పదంతో సరిదిద్దుకున్న తీరు కనిపిస్తుంది.

3. వాగ్దాన భాష: 2014 నుంచి 2024 వరకు

2014 ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీ ప్రచారంలో విస్తృతంగా వినిపించిన నినాదం ‘జాబు రావాలంటే బాబు రావాలి’. దీని బలం అంత్యప్రాసలో మాత్రమే లేదు. ‘రావాలి’ అనే ఒకే క్రియ రెండు కర్తలకు వర్తిస్తుంది. నాయకుడి రాక కారణం, కొలువు రాక కార్యం. కార్యకారణ సంబంధాన్ని ప్రాస ద్వారా స్వతస్సిద్ధంగా కనిపింపజేయడం ఈ నినాదపు రచనా కౌశలం. తెలుగులో ‘జాబు’కు ఉత్తరమనే అర్థం ముందునుంచీ ఉంది. నియామక పత్రం కోసం ఎదురుచూసే ఇంట్లో ఈ రెండు అర్థాలూ ఒకటవుతాయి. అయితే ఈ వాక్యంలో ఓటరు ఎక్కడా లేడు. జాబు ఎవరికి రావాలో చెప్పే చతుర్థీ రూపం కూడా లోపించింది.

అదే ఎన్నికల్లో వినిపించిన ‘ఇంటికో ఉద్యోగం’, నిరుద్యోగ భృతి హామీలు తరువాతి వివాదానికి కేంద్రాలయ్యాయి. ‘ముఖ్యమంత్రి యువనేస్తం’ పేరిట నెలకు 1,000 రూపాయల భృతి 2018 అక్టోబరు 2న ప్రారంభమైంది. అది ఆలస్యమని ప్రతిపక్షం ఆక్షేపించింది. అమలు చేశామని పాలకపక్షం సమర్థించుకుంది. కాలం గురించిన ఈ వాదంలో భృతి ఉద్యోగానికి సమానమా అన్న ప్రశ్న వెనక్కి పోయింది.

2019లో అధికారానికి వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం మరో పదజాలాన్ని ప్రవేశపెట్టింది. అదే సంవత్సరం ఆగస్టు 15న వాలంటీర్ వ్యవస్థ, అక్టోబరు 2న గ్రామ సచివాలయ వ్యవస్థ మొదలయ్యాయి. పరిశ్రమల్లో 75 శాతం కొలువులు స్థానికులకే ఇవ్వాలన్న చట్టం కూడా 2019లోనే వచ్చింది. సచివాలయ సిబ్బంది నియామకాలు ఉద్యోగాలే అన్న విషయంలో వివాదం లేదు. నెలకు 5,000 రూపాయలు పొందిన వాలంటీర్ల విషయంలో మాత్రం భాష తడబడింది. వారికి ఇచ్చినది జీతం కాదు, ‘గౌరవ వేతనం’. చేసినది ఉద్యోగం కాదు, ‘సేవ’. 2021లో ప్రకటించిన పురస్కారాల పేర్లు ‘సేవామిత్ర’, ‘సేవారత్న’, ‘సేవావజ్ర’. ఉపాధి కల్పన లెక్క చెప్పవలసి వచ్చినప్పుడు వీరు ఉద్యోగుల పక్కన చేరారు. వేతనం పెంచమని అడిగిన సందర్భంలో సేవకులయ్యారు. వీరికి 10,000 రూపాయలు ఇస్తామని 2024 ఏప్రిల్‌లో ప్రతిపక్ష నాయకుడు హామీ ఇచ్చినప్పుడు పెరిగినది మొత్తం మాత్రమే. పదం మారలేదు. ఎన్నికల తరువాత ఆ వ్యవస్థ కొనసాగలేదు. ‘సేవ’ అన్న పేరు ఉన్నంతకాలం దానికి ఉద్యోగభద్రత అన్న ప్రశ్న వర్తించదన్న సంగతి అప్పుడు స్పష్టమైంది.

2021 జూన్ 18న విడుదలైన ‘జాబ్ క్యాలెండర్’లో 10,143 పోస్టులు ఉన్నాయి. పాదయాత్రలో ఇచ్చిన మాటకు ఆ సంఖ్య సరిపోదని నిరుద్యోగ యువత నిరసన తెలిపింది. సచివాలయ నియామకాలను కూడా కలిపి చూడాలని ప్రభుత్వం వాదించింది. 2024 ఫిబ్రవరిలో 6,100 ఉపాధ్యాయ పోస్టులకు డీఎస్సీ ప్రకటన రాగా, ప్రతిపక్ష కూటమి ‘మెగా డీఎస్సీ’నీ, ‘సూపర్ సిక్స్’లో భాగంగా 20 లక్షల ఉద్యోగాలనూ, లేదా నెలకు 3,000 రూపాయల భృతినీ వాగ్దానం చేసింది. మే 13న పోలింగు, జూన్ 4న ఫలితాలు వెలువడ్డాక, కొత్త ముఖ్యమంత్రి జూన్ 13న 16,347 పోస్టుల దస్త్రంపై తొలి సంతకం చేశారు. ఆ నోటిఫికేషన్ 2025 ఏప్రిల్‌లో వెలువడింది. ‘సంతకం’ ఇక్కడ ఒక ప్రత్యేకమైన ప్రతీక. ఉద్యోగం ఒక వ్యక్తి కలం నుంచి వెలువడే వరంగా దృశ్యమానమవుతుంది.

ఈ పదేళ్ల వాదంలో రెండు పక్షాలూ వాడిన క్రియలు ‘ఇస్తాం’, ‘కల్పిస్తాం’, ‘భర్తీ చేస్తాం’. ప్రతిపక్షంలో ఉన్నవారు ‘ఇవ్వలేదు’ అన్నారు. క్రియకు వ్యతిరేకార్థం చేరిందే తప్ప ధాతువు మారలేదు. అభిప్రాయభేదం ఎంత పదునైనదైనా దాని వ్యాకరణం ఒక్కటే.

4. సిద్ధం, శంఖారావం: పాత అర్థం ఎవరి పాలైంది?

2024 ప్రచారంలో పురాణోపమానాలు విరివిగా వినిపించాయి. వైఎస్సార్ కాంగ్రెస్ సభల పేరు ‘సిద్ధం’. ఏలూరు జిల్లా దెందులూరులో ఫిబ్రవరి 3న జరిగిన సభ ఆ వరుసలోనిదే. అంతకు ముందు జనవరిలో భీమిలి సభలో నాటి ముఖ్యమంత్రి తనను అభిమన్యుడితో కాక అర్జునుడితో పోల్చుకున్నారు. తెలుగుదేశం వైపు ‘రా కదలిరా’ సభలు, ‘శంఖారావం’ సభలు జరిగాయి. సన్నాహం, కదలిక, శంఖనాదం మూడూ ఉద్యోగపర్వానికి దగ్గరి సామగ్రి. ‘ఉద్యోగం’ అన్న పదం తన ప్రాచీనార్థాన్ని కోల్పోలేదని, ఆ అర్థం వేదిక మీదికి తరలిపోయిందని ఈ పేర్ల వల్ల తెలుస్తుంది. వేదిక మీద ఉన్నవారిది పూనిక. వేదిక ముందు ఉన్నవారిది నిరీక్షణ. ఒకే పదంలోని రెండు అర్థాలు రెండు వర్గాలకు పంపకమయ్యాయి.

‘యువగళం’ అన్న పేరు ఈ సందర్భంలో ప్రత్యేకంగా పరిశీలించదగినది. 2023 జనవరి 27న కుప్పంలో మొదలైన పాదయాత్రకూ, తరువాత ‘సూపర్ సిక్స్’లోని ఉద్యోగ హామీకీ ఇదే పేరు. సమాసం ప్రకారం గళం యువతది. ఆచరణలో ఆ గళాన్ని వినిపించినది నాయకుడు. ఇది ఒక పక్షానికి మాత్రమే పరిమితమైన లక్షణం కాదు. అవతలి పక్షపు సభ పేరైన ‘సిద్ధం’లోనూ సిద్ధమైనవాడు ఎవరో చెప్పే కర్తృపదం లేదు. నాయకుడి చిత్రపటం పక్కన అచ్చయినప్పుడు ఆ లోటు నాయకుడితోనే పూరింపబడింది.

పొరుగు రాష్ట్రంలో దీనికి భిన్నమైన ఒక ఉదాహరణ ఉంది. తెలంగాణ ఉద్యమం ‘నీళ్లు, నిధులు, నియామకాలు’ అన్న త్రయంలో కొలువును హక్కుగా ప్రతిపాదించింది. 2023 నవంబరు ఎన్నికల నాటికి అదే ‘నియామకాలు’ అన్న మాట పాలకపక్షంపై విమర్శగా తిరిగి వచ్చింది. ఆ ఎన్నికల్లో కొల్లాపూర్ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలిచిన ‘బర్రెలక్క’, డిగ్రీ చదివినా కొలువు రాక బర్రెలు కాస్తున్నానని చెప్పిన వీడియో ద్వారా ప్రసిద్ధురాలైంది. ఆమె చేస్తున్న పనే ఆమె రాజకీయ నామమైంది. వాగ్దానం స్వీకరించవలసిన వ్యక్తి వాక్యంలో కర్తగా మారిన అరుదైన సందర్భమిది.

5. కొల్లేటి పని పలుకుబడి

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు చేరుతాయి. అక్కడి నీరు ఉప్పుటేరు గుండా సముద్రంలో కలుస్తుంది. ఈ ప్రాంతంలో పనిని తెలిపే పదాలు నీటితోనూ రుతువుతోనూ ముడిపడ్డాయి. సార్వా, దాళ్వా, ఊడ్పులు వరికి చెందినవి. తాటిదోనె, మావు, వల పాత కొల్లేటి వేటకు చెందినవి. చెరువు, గట్టు, పిల్ల, మేత, తవుడు, కాపలా, పట్టుబడి, కాటా, ఐసు, ప్యాకింగు, లారీ అన్నవి చేపల సాగుతో వచ్చినవి. శీలావతి, బొచ్చె చేపలను ఐసుపెట్టెల్లో నింపి కోల్‌కతా వైపు పంపే రాత్రిపూట ఎంతమంది పనిలో ఉంటారో, ఆ పదాల సంఖ్యే సూచిస్తుంది. వీటిలో ఏదీ ‘ఉద్యోగం’ కాదు.

ఈ స్థితి గణాంకాల వివాదానికి కూడా వెలుగునిస్తుంది. జాతీయ శ్రామికశక్తి సర్వేలో ‘ప్రస్తుత వారపు స్థితి’ ప్రకారం, గడచిన ఏడు రోజుల్లో ఒక్క గంట పనిచేసినవారు కూడా పనిలో ఉన్నట్టే. ఒక పట్టభద్రుడు వారంలో ఒక రాత్రి పట్టుబడికి వెళ్తే సర్వే లెక్కలో అతడు నిరుద్యోగి కాడు. తన లెక్కలో, ఇంటివారి లెక్కలో, పెళ్లి సంబంధాలు చూసేవారి లెక్కలో అతడు నిరుద్యోగే. నిరుద్యోగం తగ్గిందన్న పక్షమూ, పెరిగిందన్న పక్షమూ ఒకేసారి సత్యం చెప్పగలగడానికి కారణం ఈ నిర్వచన భేదమే. సంఖ్యల పోరు వెనుక ఉన్నది పదాల పోరు.

స్థానిక ఆర్థిక వివాదానికి ఇక్కడ మరో పదం ఉంది: ‘కాంటూరు’. 1999 అక్టోబరులో ఐదవ కాంటూరు వరకు 308.55 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను తొలగించారు. అభయారణ్యాన్ని మూడవ కాంటూరుకు కుదించాలని శాసనసభ 2008లో తీర్మానించింది. అప్పటినుంచి ఈ హామీ ఎన్నికల వేళ తిరిగి తిరిగి వినిపిస్తూనే ఉంది. సర్వేశాఖకు చెందిన ఒక సాంకేతిక పదం లంకగ్రామాల్లో జీవనోపాధికి పర్యాయపదమైంది. రాష్ట్రస్థాయి చర్చ ‘ఉద్యోగం’ చుట్టూ, స్థానిక చర్చ ‘కాంటూరు’ చుట్టూ తిరిగాయి. ఈ రెండూ ఒకే ఆర్థికవ్యవస్థను గురించినవని చెప్పే భాష ఏ పక్షపు ప్రచారంలోనూ ప్రధానం కాలేదు.

6. సాహిత్య సాక్ష్యం

చదువును కొలువుకు పెట్టుబడిగా చూసే వాదం తెలుగు సాహిత్యంలో కొత్తది కాదు. ‘కన్యాశుల్కం’లో వెంకటేశం ఇంగ్లీషు చదువు గురించి అగ్నిహోత్రావధానులు ఇంట్లో సాగే వాదన ఖర్చుకూ ఆశకూ మధ్య వాదనే. కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’ నవల సుందరం విద్యాభ్యాసాన్ని జాతీయోద్యమం, ఆర్థికమాంద్యాల నేపథ్యంలో చిత్రించింది. చదువుకూ బతుకుకూ మధ్య ఉన్న ఎడం వ్యక్తి అసమర్థత కాదని, కాలపు ఆర్థిక లక్షణమని ఆ నవల నిర్మాణమే నిరూపిస్తుంది. ఎన్నికల నినాదం ఆ ఎడాన్ని ఒక్క నాయకుడి రాకతో పూడ్చగలనంటుంది. నవల ఆ పని చేయదు. ఆ ఎడం కొలతలు చెబుతుంది.

అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ ఈ ప్రాంతానికే చెందిన నవల. వసంత కన్నబిరాన్ ఆంగ్లానువాదం ద్వారా తెలుగేతర పాఠకులకూ చేరింది. చేపల చెరువులు విస్తరించక ముందరి కొల్లేటి జీవనం, ఆ జీవనం చెదిరిపోయిన క్రమం ఇందులోని వస్తువు. వరద, పంట, చేప, పక్షి అన్నీ ఒకే జీవన చక్రంలో ఉన్న ప్రపంచంలో పని మనిషి నుంచి విడివడిన వస్తువుగా కనిపించదు. అది ఎవరో ఇచ్చేది కాదు, నలుగురూ కలిసి పూనుకునేది. ఉద్యోగమన్న పదపు ప్రాచీనార్థం, ఆ పదాన్ని ఆశ్రయించకుండానే, ఇక్కడ సజీవంగా ఉంది. ప్రచారసభల్లో నాయకులకు తరలిపోయిన ‘పూనిక’ను ఈ నవల ఊరికి తిరిగి అప్పగిస్తుంది.

7. ఒక ఆక్షేపణ

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. పనిని కీర్తించి కొలువును తక్కువ చేయడం, కొలువు ఉన్నవారికి సులభమైన వైఖరి కాదా? ఈ ఆక్షేపణ బలమైనది. కొల్లేటి వడ్డీలకు, దళితులకు ‘పని’ అన్నది స్వేచ్ఛగా ఎంచుకున్న పూనిక మాత్రమే కాదు. కులం నిర్ణయించిన శ్రమ కూడా. 1970లలో మత్స్యకార సహకార సంఘాలకు దక్కిన చెరువులు క్రమంగా లీజుల ద్వారా పెట్టుబడిదారుల చేతికి వెళ్లి, సభ్యులే కూలీలుగా మారిన చరిత్ర అందరికీ తెలిసినదే. అలాంటి ఇంటినుంచి వచ్చిన యువతికి ఉపాధ్యాయ నియామకం అంటే నెలజీతం ఒక్కటే కాదు. రాత్రి కాపలా నుంచి, బాకీ నుంచి, కులపు పేరుతో పిలిపించుకోవడం నుంచి విడుదల. ‘నాకు ఉద్యోగం వచ్చింది’ అన్న వాక్యంలో ఆమె వ్యాకరణరీత్యా కర్త కాకపోవచ్చు. జీవితరీత్యా కర్త కావడం అక్కడే మొదలవుతుంది.

కాబట్టి గత జీవనంపై మమకారంతో ‘కొల్లేటి జాడలు’ను చదివి, కొలువుకోసం ఎదురుచూసే యువతను భ్రమలో ఉన్నారని నిందించడం సరికాదు. దోషం కొలువును కోరుకోవడంలో లేదు. కొలువు కానిదంతా లెక్కకు రాదన్న వాగ్దాన భాషలో ఉంది. పట్టుబడి కూలికి భద్రత, కౌలు రైతుకు గుర్తింపు, సంఘ సభ్యుడికి చెరువుపై అధికారం వంటివి ‘ఉద్యోగ, ఉపాధి అవకాశాలు’ అన్న జంటపదంలోని రెండో సగంలో పేరు లేకుండా కరిగిపోతాయి. ఆ జంటపదం వాగ్దానం చేసేటప్పుడు మొదటి సగాన్నీ, లెక్క చెప్పేటప్పుడు రెండో సగాన్నీ ముందుకు తెస్తుంది.

8. ముగింపు

ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి గురించి జరిగిన ఎన్నికల వాదం లోతైనదిగా కనిపించినా, అది సంఖ్యకూ కాలానికీ పరిమితమైంది. ఎన్ని, ఎప్పుడు అన్న ప్రశ్నలపై పక్షాలు భేదించాయి. ఏది ఉద్యోగం, దానికి కర్త ఎవరు అన్న ప్రశ్నలపై భేదించలేదు. నినాదాల వాక్యనిర్మాణం, ‘సేవ’, ‘భృతి’ వంటి పదాల ప్రయోగం, యుద్ధోపమానాల పంపకం ఈ అంశాన్ని నిరూపిస్తున్నాయి. కొల్లేటి ప్రాంతపు పలుకుబడి, ఆ ప్రాంత నవల, రెండూ ఆ ప్రశ్నలను సజీవంగా ఉంచాయి.

ఉద్యోగపర్వంలో పాండవులు చివరకు ఐదూళ్లు చాలునన్నారు. అది యుద్ధ సన్నాహమే కాదు, జీవనాధారం కోసం చేసిన వాదం కూడా. అడిగినవారు యాచకులుగా అడగలేదు. తమకు రావలసిన భాగంగా అడిగారు. తిరుపతి వేంకట కవుల పద్యాలకు రాత్రంతా మేలుకొన్న ప్రాంతానికి ఈ తేడా బోధించనక్కరలేదు. ‘ఉద్యోగం వస్తుందా?’ అన్న ప్రశ్నను ‘మా భాగం ఏది?’ అన్న ప్రశ్నగా మార్చుకోగల సామగ్రి తెలుగు భాషలోనే ఉంది. ఆ సామగ్రిని గుర్తించి చూపడం, తరువాతి ఎన్నికల పాఠ్యాలను ఆ దృష్టితో చదవడం తెలుగు విమర్శ చేపట్టవలసిన ఉద్యోగం.